మా పల్లె బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు, అడిగే హక్కు మాకు ఉందా?

ప్రశ్న: మేడమ్, మాది బంగారుపాళ్యం మండలంలో అడవి అంచున ఉన్న చిన్న పల్లె. మా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో 17 మంది పిల్లలు, ఒక టీచరు ఉండేవారు. నాలుగు గదులున్నాయి, పిల్లలు లేక ఖాళీగా పడి ఉన్నాయని చెప్పి 3, 4, 5 తరగతుల్లోని 9 మందిని పంచాయతీ ఊళ్ళోని మోడల్ ప్రైమరీ స్కూలుకు మార్చారు. దూరం 800 మీటర్లేనని కాగితంలో రాశారట. మామిడి తోపులో నుంచి వంక దాటి పోతే అంతే ఉండొచ్చు. వానలొస్తే వంక పారుతుంది, రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలి. ఆ తోపుల్లోకి ఏనుగులు కూడా వస్తుంటాయి. మా పాప మూడో తరగతి. నేను తల్లిదండ్రుల కమిటీలో మెంబర్ని. మీటింగని పిలిచి మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టించుకున్నారు, అప్పటికి పైన ఏమీ రాసి లేదు. తర్వాత దాంట్లో ‘కమిటీ ఒప్పుకుంది’ అని రాశారు. 117 జీవో రద్దయింది కదా, మా తరగతులు ఎందుకు తిరిగి రాలేదు? కోర్టుకు పోతే ఇది ఆగుతుందా? బడి స్థలం మా మామగారు ఇచ్చింది. బడి ఎత్తేస్తే అది మాకు వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు 117 జీవో సంగతి చెబుతాను. చాలామంది అక్కడే పొరబడుతున్నారు. 2022 జూన్‌లో వచ్చిన ఆ జీవో 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్ళకు మార్చింది. 2025లో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి, బడులను తొమ్మిది రకాలుగా విడదీసే కొత్త పద్ధతి తెచ్చింది. మోడల్ ప్రైమరీ స్కూలు అందులో ఒకటి, తరగతికి ఒక టీచరు ఉండాలన్నది దాని ఉద్దేశం. కాబట్టి పాత జీవో పోయినంత మాత్రాన మీ తరగతులు వాటంతట అవి వెనక్కి రావు. మీ పిల్లల్ని మార్చింది ఏ ఉత్తర్వు కింద, ఏ తేదీన అన్నది మీ చేతిలో ఉండాలి. ఆ కాపీ లేకుండా ఏ ఆఫీసుకు పోయినా మాటలతోనే తిప్పి పంపుతారు.

ఇక అసలు విషయం. ఫలానా బడిని మూయకూడదని గానీ, ఇంకో బడిలో కలపకూడదని గానీ 2009 విద్యాహక్కు చట్టంలో లేదు. పిల్లలకు ఇంటి దగ్గర్లో బడి ఉండాలని మాత్రం గట్టిగా ఉంది. మూడో సెక్షన్ ఆ హక్కు పిల్లలకు ఇచ్చింది, ఆరో సెక్షన్ ఆ బాధ్యత ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టింది. దగ్గర అంటే ఎంత అన్నది నిబంధనల్లో ఉంది: ఒకటి నుంచి ఐదు తరగతులకు నడిచే దూరం ఒక కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్లు. అందుకే మీరు ‘మా బడి మాకు కావాలి’ అని అర్జీ రాస్తే అది విధానపరమైన నిర్ణయమని ఒక్క లైనులో జవాబు వస్తుంది. ‘మా పాపకు కిలోమీటరు లోపల బడి లేకుండా చేశారు’ అని రాస్తే మాత్రం వాళ్ళు లెక్క చూపించాల్సిందే. మీ కేసు బలమంతా ఆ 800 మీటర్ల అంకె నిజమా కాదా అన్నదాని మీదే ఉంది.

ఆ అంకె ఎలా వచ్చిందో నేను ఊహించగలను. కొన్నేళ్ళ క్రితం ఇలాంటిదే ఒక ఫైలు నా దగ్గరికి వచ్చింది. రికార్డులో దూరం 900 మీటర్లు. ఊరికి, బడికి మధ్య చెరువు ఉంది. ఫోనులో మ్యాపు పెట్టి ఆ చుక్క నుంచి ఈ చుక్కకు గీత గీశారు, గీత నీళ్ళ మీదుగా పోయింది! నేను పిల్లలతో పాటు కట్ట మీద నడిచి చూశాను. కిలోమీటరున్నర దాటింది. ఒక బాబు సగం దారిలో చెప్పు తెగితే చేతిలో పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా, నాతో సమానంగా నడవాలని పరుగులాంటి నడక నడిచాడు. ఆ రోజు నుంచి ఇలాంటి కేసుల్లో దారి నడవకుండా నేను ఒక్క అక్షరం రాయను.

మీరూ అదే చేయండి. పాప చేయి పట్టుకుని మీ గడప నుంచి ఆ బడి గేటు దాకా రెండు దారుల్లోనూ నడవండి. వేరేగా మోటార్ సైకిలు మీద కూడా వెళ్ళి, మీటరు రీడింగు బయలుదేరినప్పుడు ఒకసారి, చేరాక ఒకసారి ఫొటో తీయండి. నడకకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. వంక పారుతున్న రోజు నిలబడి వీడియో తీయండి, తేదీ పడేలా. రోడ్డు ఎక్కడ దాటాలి, అక్కడ లారీలు ఎంత స్పీడుగా పోతుంటాయి అన్నది కూడా అందులో కనబడాలి. తర్వాత ఇవన్నీ రాసిన కాగితం మీద ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి. సర్వేయరు చేత కొలిపించమని అర్జీలో అడగండి. ఎండాకాలంలో కొలిచిన తోపు దారి, వానాకాలంలో పిల్లలు నడవలేని దారి, దాన్ని నడిచే దూరం అనడానికి వీల్లేదన్నది మీ వాదన. ఇది న్యాయమైన వాదన అని నా నమ్మకం.

ఏనుగుల మాట చిన్నదిగా తీసేయకండి. కిలోమీటరు లోపల ఉన్నా సరే, కొండలు, వరద, రోడ్డు లేకపోవడం, దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం లాంటివి ఉంటే ఆ దూరం ఇంకా తగ్గించి బడి పెట్టాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతున్నాయి. పలమనేరు, బంగారుపాళ్యం, కుప్పం వైపు కౌండిన్య అడవి నుంచి ఏనుగులు చేలల్లోకి దిగుతాయని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆఫీసులో కాగితమే మాట్లాడుతుంది. మీ పల్లెలో ఏనుగులు తొక్కిన మామిడికి, వరికి పరిహారం కోసం అటవీ శాఖకు దరఖాస్తు పెట్టిన రైతులు ఉండే ఉంటారు. ఆ దరఖాస్తుల మీద తేదీ, సర్వే నంబరు ఉంటాయి. పిల్లలు నడవాల్సిన తోపు సర్వే నంబరు వాటిలో ఉంటే, అంతకన్నా మంచి సాక్ష్యం మీకు దొరకదు. వాళ్ళ దగ్గర జిరాక్సులు అడిగి తీసుకోండి.

సంతకాల విషయం. మీరు భయపడుతున్నారని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. కమిటీ ఒప్పుకోకపోతే కలపకూడదని విద్యాహక్కు చట్టం నేరుగా చెప్పలేదు, ఆ మాట దాచను. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి, బడి పనితీరు చూడాలి, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి అని 21, 22 సెక్షన్లు చెబుతాయి. అయితే తల్లిదండ్రుల సమ్మతితోనే చేశామని శాఖ ఫైల్లో రాసుకుని ఉంటే, ఆ సమ్మతి ఎలా వచ్చిందో అడిగే హక్కు మీకు వస్తుంది. చదివి వినిపించకుండా, ఖాళీ పేజీ మీద తీసుకున్న సంతకం సమ్మతి కాదు. కమిటీని మళ్ళీ కూర్చోబెట్టండి. తేదీ, అజెండా వేసి ముందుగానే అందరికీ నోటీసు ఇవ్వండి. జరిగింది జరిగినట్టు, కలపడానికి తాము ఒప్పుకోలేదని కొత్త తీర్మానం రాసి, రాసిన తర్వాతే సంతకాలు చేయండి. హెడ్మాస్టరు మినిట్స్ పుస్తకం ఇవ్వకపోతే తెల్లకాగితం మీద రాసుకున్నా పనికొస్తుంది. దాన్ని ఎంఈవోకు, డీఈవోకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. హెడ్మాస్టరు మీద కోపం పెట్టుకోకండి. పైనుంచి సాయంత్రంలోగా తీర్మానం కావాలని ఒత్తిడి వస్తే కింద ఇలాంటివి జరుగుతుంటాయి. రేపు దూరం విషయంలో ఆయనే మీకు సాక్షి కావచ్చు.

సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆఫీసుకైతే పది రూపాయల ఫీజు, మండలంలో అయిదు. తెల్లరేషన్ కార్డు జత చేస్తే అదీ అక్కర్లేదు. కలిపిన ఉత్తర్వు, దూరం ఎవరు ఏ రోజు ఎలా కొలిచారన్న రికార్డు, ఆ మినిట్స్ పేజీ, ఖాళీ అయిన గదులను ఏం చేయబోతున్నారన్న ఫైలు, ఈ నాలుగూ అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అది వచ్చేదాకా ఆగకుండా విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. స్థానిక సంస్థ అంటే మీకు మండల పరిషత్. ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద సీలు వేయించుకోండి. ఆ సెక్షన్ ప్రకారం ఇద్దరి మాటా విని మూడు నెలల్లో తేల్చాలి. మీకు వ్యతిరేకంగా తేల్చితే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు ఉంది, అసలు తేల్చకపోతే ఆ కమిషన్‌కే ఫిర్యాదు చేయవచ్చు. సోమవారం చిత్తూరు కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇవ్వడం కూడా మంచిదే, నంబరు వస్తుంది. కానీ చాలామంది గ్రీవెన్సు రసీదుతో ఆగిపోతారు. అప్పీలుకు దారి తెరిచేది 32వ సెక్షన్ ఫిర్యాదు.

కోర్టు ఆపుతుందా అని అడిగారు. రాజ్యాంగం 226వ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టులో రిట్, అంటే హక్కు కాపాడమని నేరుగా హైకోర్టును అడిగే పిటిషన్, వేయవచ్చు. ఎక్కడ ఎన్ని బడులుండాలి అన్నది ప్రభుత్వ విధానం, అందులో కోర్టులు తొందరగా చేయి పెట్టవు. ఒక్కో పిల్లవాడి చదువు హక్కు దెబ్బతింటే మాత్రం చూస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో 2025లో ఇలాగే పిల్లలు తక్కువున్న బడులను కలిపితే, జూలైలో అలహాబాద్ హైకోర్టు సింగిల్ జడ్జి పిటిషన్లు కొట్టేశారు. అదే నెలలో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ సీతాపూర్ జిల్లా బడుల వరకు యథాతథ స్థితి, అంటే ఉన్నది ఉన్నట్టు, కొనసాగించమంది. అంటే ఫలితం ముందే చెప్పలేం, మీ కాగితాల బలాన్ని బట్టి ఉంటుంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది ఉన్నికృష్ణన్ కేసులో, అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసే. 2002లో 86వ సవరణతో అది రాజ్యాంగంలో 21-ఏ అధికరణ అయింది. మన దగ్గర పునాది గట్టిగానే ఉంది.

ఒక మాట మనసులో పెట్టుకోవద్దు, చెబుతాను. 17 మందికి ఒక్క టీచరు అయిదు తరగతులు చెప్పడం కూడా మీ పాపకు న్యాయం కాదు. 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం షెడ్యూలే చెబుతోంది, అది మీకు ఇన్నాళ్ళూ అందలేదు. అందుకే అర్జీలో రెండు కోరికలు పెట్టమంటాను. మొదటిది, 3, 4, 5 తరగతులను ఇక్కడే ఉంచి రెండో టీచరును ఇవ్వడం. అది కుదరదంటే పాపను ఉచితంగా ఆటోలోనో వ్యానులోనో తీసుకెళ్ళి తీసుకురావడం. దూరం బడికి వెళ్ళే పిల్లలకు రవాణా భత్యం సమగ్ర శిక్ష అనే బడుల పథకంలో ఉంది, ఏడాదికి ఆరు వేల రూపాయల దాకా. రెండో కోరిక పెడితే మొదటిది వదులుకున్నట్టు కాదు, ‘ప్రత్యామ్నాయంగా’ అన్న మాట వాడండి. మీ పల్లెలో ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కే పిల్లలు ఎంతమంది? వాళ్ళలో నలుగురు తిరిగి వచ్చినా ఆ ‘ఖాళీ గదులు’ అన్న మాట బలహీనపడుతుంది. వాళ్ళ తల్లులతో ఒకసారి మాట్లాడి చూడండి.

ఈ లోపల పాపను ఇంట్లో కూర్చోబెట్టకండి. గేటుకు తాళం వేసి పిల్లల్ని బడి మాన్పించిన ఊళ్ళు చూశాను. నష్టం పిల్లలకే జరిగింది, పైగా హాజరు పడిపోయి సంఖ్య ఇంకా తగ్గింది. పంపితే ఒప్పుకున్నట్టేమో అని టెన్షన్ పడొద్దు. ‘మా అభ్యంతరం ఉంటుండగానే పంపుతున్నాం’ అని ఒక లైను రాసి అక్కడి హెడ్మాస్టరుకు ఇచ్చి సంతకం తీసుకుంటే చాలు.

స్థలం సంగతి మీ మామగారు ఎలా ఇచ్చారన్నదాని మీద ఉంటుంది. రిజిస్టరు చేసిన దాన పత్రం ఉంటే, బడికి తప్ప వేరే దేనికీ వాడకూడదు, వాడితే దానం రద్దు అన్న షరతు అందులో రాసి ఉందా చూడండి. ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ఆ షరతును ఒప్పుకుంటుంది. షరతు లేకపోతే దానం వెనక్కి రాదు. నోటిమాటతో ఇచ్చి ఉంటే లెక్క వేరు, భూమి దానం రిజిస్ట్రేషన్ లేకుండా చెల్లదు. అన్నేళ్ళుగా మా స్వాధీనంలోనే ఉంది కాబట్టి మాదే అని ప్రభుత్వం పౌరుల మీద వాదించకూడదని 2020లో విద్యాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మీ మామగారు ఇష్టంగా ఇచ్చారు కాబట్టి ఆ తీర్పు మీకు నేరుగా వర్తిస్తుందని ఇప్పుడే మాట ఇవ్వలేను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, తీయించండి. కానీ స్థలం గొడవను బడి అర్జీలో కలపకండి. కలిపితే భూమి కోసమే అడుగుతున్నారంటారు. ఒకటో రెండో తరగతి పిల్లలు అక్కడ చదువుతున్నంత కాలం ఆ ప్రశ్న రాదు కూడా.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, అదే మిమ్మల్ని ఆపుతుందేమో అనిపించింది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. రిట్ పాప పేరు మీద, తల్లిగా మీ ద్వారా వేయవచ్చు. చిత్తూరు కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. హైకోర్టు కేసైనా అక్కడ దరఖాస్తు ఇస్తే అమరావతికి పంపుతారు. వెళ్ళేటప్పుడు పాప ఆధార్, బడి మార్చిన కాగితం, మీరు నడిచి కొలిచిన దూరం, వంక వీడియో ఉన్న ఫోను తీసుకెళ్ళండి. వీలైతే పాపను కూడా తీసుకెళ్ళండి, రోజూ ఏ దారిలో నడుస్తోందో తన నోటితోనే చెప్పనివ్వండి.