ఫిట్స్‌తో వచ్చిన పిల్లాడి బరువు కాజువాలిటీలో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో మీ చెల్లెలి కొడుక్కి ఫిట్స్ వస్తే కాటా ఎక్కించకుండానే "పదహారు కిలోలుంటాడులే" అని మందు సిరంజిలోకి లాగారు, అలా వేయొచ్చా అని.

వేయొచ్చు. వేయాలి కూడా. ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్ దానంతటది ఆగడం కష్టం. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్న పిల్లాణ్ణి కాటా మీద ఎవరూ నిలబెట్టలేరు. అయితే ఆ పదహారు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

చాలామంది వాడే లెక్క ఒకటుంది. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా వయసును రెండింతలు చేసి ఎనిమిది కలుపుతారు. ఆరు నుంచి పన్నెండేళ్ల దాకా మూడింతలు చేసి ఏడు కలుపుతారు. మన దగ్గర ఈ లెక్క తప్పేది వయసు దగ్గరే. రాత్రి పదకొండింటికి మంగళగిరి నుంచి ఆటోలో ఒక పిల్లాణ్ణి గుంటూరు తెచ్చారనుకోండి. "ఎన్నేళ్లమ్మా?" అని సిస్టర్ అడుగుతుంది. "ఐదో ఏడండీ" అంటుంది నాయనమ్మ. అంటే నాలుగు నిండి ఐదు నడుస్తోందని. సిస్టర్ చెవిన పడింది ఐదు. లెక్క ప్రకారం 18 కిలోలు. నిండిన నాలుగేళ్లు వేస్తే 16 వచ్చేది. పిల్లాడేమో బక్కపలచగా, నిజానికి 13 కిలోలే. ఇదేం అరుదు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు 30 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు.

ఇప్పుడు మందు దగ్గరికి రండి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో వేసే మిడజోలం కిలోకు 0.2 మిల్లీగ్రాములు. 2.6 వేయాల్సిన చోట 3.6 పడుతుంది, ఊపిరి మందగించవచ్చు. అప్పటికీ ఆగక ఇంకో ఫిట్స్ మందు ఫెనిటోయిన్ నరంలోకి ఎక్కిస్తే కిలోకు 20 చొప్పున 260 బదులు 360 మిల్లీగ్రాములు. ఎక్కించే వేగం కూడా కిలోల లెక్కే, నిమిషానికి కిలోకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. బరువు తప్పితే మోతాదూ వేగమూ రెండూ తప్పుతాయి. బీపీ పడిపోవచ్చు, గుండె లయ చెడవచ్చు. బొద్దుగా ఉన్న పిల్లాడికైతే ఇది తిరగబడుతుంది. మందు చాలదు, ఫిట్స్ ఆగవు.

అందుకే ముందు అమ్మను అడగాలి. ఆటో దిగి ముందుకొచ్చిన బాబాయిని కాదు, రోజూ పిల్లాణ్ణి ఎత్తుకునే మనిషిని. "ఈమధ్య ఎక్కడైనా తూచారా అమ్మా? ఎంతొచ్చింది?" అంటే చాలు. ఈమధ్యే తూచి ఉంటే తల్లి చెప్పే అంకె ఏ సూత్రం కన్నా దగ్గరగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఆమెకూ తెలియకపోతే టేపు. బ్రోస్లో టేపు పిల్లాడి పొడవును బట్టి, రంగురంగుల గడుల్లో బరువు చెబుతుంది. ఎర్ర కొస నడినెత్తి దగ్గర పెట్టి, మోకాలు చాపి, పాదం నిటారుగా ఉంచి మడమ దగ్గర చదవాలి. కాలివేళ్ల దాకా చదివితే ఎక్కువ బరువున్న పై రంగులోకి పోతుంది. అమెరికాలో తయారైన టేపు ఇది. పది కిలోలు దాటిన మన పిల్లలకు సుమారు పది శాతం ఎక్కువ చూపిస్తుంది. బక్కగా ఉన్నవాడికి ఆ మేరకు తగ్గించుకోవాలి. ఊపిరి కోసం గొంతులో వేసే గొట్టం సైజుకు మాత్రం బరువుతో పనిలేదు, దానికి వయసో పొడవో చాలు.

ఎంత అనుకున్నారో డాక్టరు పైకి చెప్పాలి, కేస్ షీట్ పైన "13 కిలోలు, అంచనా" అని రాయాలి. అందరూ ఆ ఒక్క అంకెతోనే లెక్క వేయాలి. పిల్లాడు కుదుటపడ్డాక తూచి దిద్దాలి. దశాంశ పాయింటు ఒక స్థానం జరిగినట్టు పది రెట్లు తేడా వచ్చే పొరపాటు బరువు పొరపాటు కన్నా ప్రమాదం. గుండె ఆగినప్పుడు నరంలోకి ఇచ్చే అడ్రినలిన్‌కు ఒక మిల్లీలీటరు ఆంపూల్‌ను పది మిల్లీలీటర్లు చేసి, అందులోంచి కిలోకు 0.1 మిల్లీలీటరు ఇస్తారు. 13 కిలోలకు 1.3. కలపడం మరిచి అంతే లాగితే పది రెట్లు పోతుంది.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. మామూలు జ్వరానికి వెళ్లినప్పుడు కూడా చాలా చీటీల మీద బరువుండదు, "5 ఎంఎల్" అని మాత్రం ఉంటుంది. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. బరువూ లేక, ఏ సీసానో రాయక, ఆ ఐదుకు అర్థమేంటి? తూచినచోటా బూట్లతో, జీన్స్‌తో ఎక్కిస్తారు, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడరు.

మీ చెల్లెలితో చెప్పండి. ఇంట్లో డిజిటల్ కాటా ఉంటే గట్టి నేల మీద పెట్టి, బాబును ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి ఎక్కమనండి. తేడాయే బాబు బరువు. అంగన్‌వాడీలో తూచినా సరే. ఆ అంకెను తేదీతో సహా ఫోన్‌లో పెట్టుకోమనండి, మూడు నెలలకోసారి మార్చమనండి. దాని పక్కనే పుట్టిన తేదీ కూడా ఉంటే ఐదో ఏడా, ఐదేళ్లా అన్న గొడవ రాదు.