గేటు తీసే ముందు

చిన్నా,

ఐస్ హాకీ ఆడటం ఆపేసి జూనియర్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా చేరుతున్నావట, అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పెట్టేయగానే వెళ్లి ఎదురింటాయనకి గొప్పగా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. తెలుగులో రాశానని విసుక్కోకు, ఇంగ్లీషులో తిట్టడం నాకు చేతకాదు.

జీతం తక్కువ, బస్సు ప్రయాణాలు ఎక్కువ. అది నీకు తెలుసు. డిఫెన్స్ జంటల్ని నీకే అప్పజెప్తారు, 45 సెకన్లకోసారి ఒక జంటని బెంచికి పిలిచి ఇంకో జంటని దింపుతూ ఉండాలి. పించ్‌కని తెగించి ముందుకి వెళ్లి, ఆ రబ్బరు బిళ్ల, అదే పక్, పోగొట్టుకున్న కుర్రాణ్ణి అందరిముందూ కడిగెయ్యకు. నువ్వూ అలా పోగొట్టుకుని వెనక్కి పరిగెత్తినవాడివే, నేను స్టాండ్స్‌లోనే ఉన్నాను.

అసలు సంగతి వేరే. ఒటావాలో బావ ఆడే పిల్లల జట్టుకి నేను బెంచి దగ్గర సాయం చేసేవాణ్ణి కదా. సరిగ్గా స్కేటింగ్ రానివాడు కోచేమిటని అత్తయ్య నవ్వేది. 1988 చలికాలం. మూలలో పక్ తీస్తున్న పద్నాలుగేళ్ల డిఫెన్స్‌మన్‌ని వెనకనించి ఒకడు గుద్దాడు. తల రింకు చుట్టూ ఉండే బోర్డుల గోడకి కొట్టుకుంది. లేచాడు, నవ్వాడు కూడా. స్కోరు సమానం, మూడు నిమిషాలే ఉంది. ఎన్ని వేళ్లని అడిగాను, సరిగ్గానే చెప్పాడు. అప్పట్లో అంతకుమించి ఎవరూ చూసేవాళ్లు కాదు. బెంచి గేటు తీసి నేనే మంచు మీదికి పంపాను.

షిఫ్ట్, అంటే వాడి వంతు ఆట, అయ్యాక వాడు నేరుగా అవతలి జట్టు బెంచి దగ్గరికి వెళ్లి, గేటు తియ్యమని నిలబడ్డాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లమ్మ నవ్వలేదు.

ఆ మ్యాచ్ గెలిచాం. ఆ పిల్లాడు వారాల తరబడి వెలుతురు చూడలేక కర్టెన్లు వేసుకుని పడుకున్నాడు. అత్తయ్య చేసిన లడ్డూలు పట్టుకెళ్తే వాళ్లమ్మ డబ్బా తీసుకుంది, లోపలికి రమ్మనలేదు. వాడు మళ్లీ జట్టులోకి రాలేదు.

తలకి తగిలిందని అనుమానం వచ్చినా చాలు, ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే. హెడ్ కోచ్ అరిచినా గేటు తియ్యకు. ఉద్యోగం పోతే పోనీ, మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది.

లారీ రాబిన్సన్ అంటే నీకు పిచ్చి. మాంట్రియల్‌కి ఆడి ఆరు స్టాన్లీ కప్పులు, అంటే ఎన్‌హెచ్‌ఎల్ హాకీ లీగ్ టైటిళ్లు, గెలిపించిన డిఫెన్స్‌మన్. 2000లో ఎనిమిది లీగ్ మ్యాచులే మిగిలుండగా న్యూజెర్సీ డెవిల్స్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. ఫిలడెల్ఫియాతో సిరీస్‌లో 3-1 మ్యాచులతో వెనకబడ్డప్పుడు కోపంతో చెత్తబుట్టని తన్నాడు, చివరికి కప్పు గెలిచాడు. నువ్వెప్పుడూ ఆ చెత్తబుట్ట కథే చెప్తావు. 2005 డిసెంబరులో ఒత్తిడి తట్టుకోలేక అదే ఉద్యోగం వదిలేశాడని, తర్వాత మళ్లీ అసిస్టెంట్‌గా చేశాడని ఎప్పుడూ చెప్పవు. నాకు ఆ రాబిన్సనే ఇష్టం.

నీ తలకీ రెండుసార్లు తగిలింది. రెండోసారి నాకొక్కడికే చెప్పి, అమ్మకి చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. 1988 తర్వాత కూడా నాకు బుద్ధి రాలేదు చూడు.

సీజన్ మొదలయ్యేలోగా ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దాం. కారు నేను తెస్తాను.

నీ
పెద్దమావయ్య