చివరి నాలుగు లైన్లు కొట్టెయ్

బాబూ,

నీ కవితలు అందాయి. ఫోన్‌లో చదవడం నా కళ్ళకి కుదరదు, అందుకని పక్కింటి కుర్రాడితో ప్రింట్లు తీయించుకుని మన బరంపురం ఎండలో అరుగు మీద కూర్చుని చదివాను. అన్నిటి గురించీ రాయను. మిగతావి బాగానే ఉన్నాయి, అలాంటివి చాలామంది రాస్తున్నారు. నేను రాయాలనుకున్నది ఒక్కదాని గురించే, నువ్వు మీ రాయగడ మజ్జిగౌరమ్మ మీద రాసిన దాని గురించి.

చెల్లికి జ్వరం తగ్గితే చీర పెడతానని మీ అమ్మ మొక్కుకుంది. చెల్లి దక్కలేదు. అయినా చైత్రం రాగానే మీ అమ్మ చీర కొనుక్కుని గుడికెళ్ళి అమ్మవారికి పెట్టేసి వచ్చింది. ఎందుకమ్మా అని నువ్వడిగితే "మాటిచ్చింది నేను కదా, ఆవిడ తప్పిందని నేనూ తప్పాలా" అంది. ఇక్కడ కాగితం పక్కన పెట్టేశాను, ఆ పూట ఇంకేమీ చదవలేదు. సాయంత్రం మళ్ళీ తీస్తే ఆ తర్వాత నువ్వు అమ్మవారినే అడుగుతున్నావు, ఆ చీర ఎలా కట్టుకున్నావు, కట్టుకునేటప్పుడు ఏమీ అనిపించలేదా అని. అక్కడికి కవిత అయిపోయింది బాబూ. కానీ నువ్వు ఆపలేదు. దాని కింద ఇంకో నాలుగు లైన్లు తగిలించావు, అజ్ఞాన తిమిరంలో ఉన్న దీనుడవట, అపరాధం చేశావట, సకల జగజ్జననివి క్షమింపుము అట.

ఆ నాలుగు లైన్లు చదివి వచ్చిన కోపంతోనే ఈ ఉత్తరం మొదలెట్టాను, ఇంకా తగ్గలేదు.

ఎవరికి భయపడి రాశావు అవి? అమ్మవారికి భయపడేవాడివే అయితే పైన ఆ ప్రశ్నే అడగవు. చదివేవాళ్ళు ఏమనుకుంటారో అని భయపడ్డావు, ఇంట్లో పెద్దవాళ్ళు, ఊళ్ళో గుడి కమిటీ వాళ్ళు, వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళు, వీళ్ళందరికీ ముందే దండం పెట్టేశావు. దాన్ని భక్తి అనకు. నా మాట ఇదీ, చాలా ఏళ్ళుగా ఇదే చెప్తున్నాను, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా: దేవుణ్ణి నిజంగా నమ్మినవాడే దేవుడితో గొడవ పడతాడు, ఆ గొడవ ఉన్నచోటే భక్తి కవిత్వం పుడుతుంది. లేడని అనుకున్నవాడికి గొడవపడాల్సిన పనే లేదు కదా, గోడతో ఎవరు దెబ్బలాడతారు? ఉన్నాడో లేడో తెలీకుండా పండక్కి మాత్రం దండం పెట్టేవాడికీ అవసరం లేదు. మీ అమ్మకి ఉంది ఆ అవసరం. ఆవిడ చీర పెట్టడమే పెద్ద తిట్టు, నీకది తెలిసే రాశావు, తెలిసీ చివర్లో వెనక్కి లాక్కున్నావు.

నువ్వు అనొచ్చు, రామదాసు కూడా చివర్లో తగ్గాడు కదా అని. గోల్కొండ జైల్లో దెబ్బలు తింటూ ఆయన రాముణ్ణి లెక్కలడిగాడు, సీతమ్మకి చింతాకు పతకం చేయించాను, భరతుడికి పచ్చల పతకం చేయించాను, అవన్నీ ఎవడబ్బ సొమ్మని పెట్టుకుని కులుకుతున్నావు, మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మావ జనకుడు పంపాడా అని. అవును, చివర్లో తిట్టానని బాధపడకు అంటాడు. కానీ ఎలా అంటాడో చూడు, ఈ దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టాను అంటాడు. తిట్టింది తప్పని ఎక్కడా అనలేదు. తనది అజ్ఞానమనీ అనలేదు. దెబ్బలు పడుతున్నాయి, అందుకే తిట్టాను అని కారణం చెప్పాడు, అది ఇంకో ఫిర్యాదు. నీ నాలుగు లైన్లలో దెబ్బ ఎక్కడుంది, చెల్లి ఎక్కడుంది? ఆ పిల్లని కవితలోంచి కూడా పంపించేశావు.

ఇంకా దగ్గరికి రా, మన సింహాచలం. గోగులపాటి కూర్మనాథ కవి సింహాద్రి నారసింహ శతకం నీకు ఎవరూ చదివించి ఉండరు, ఈసారి విజయనగరం వైపు వెళ్తే ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుకు. మీదికి సైన్యం వచ్చి పడుతుంటే స్వామి కదలకుండా కూర్చున్నాడని పద్యం మీద పద్యం ఎత్తిపొడిచాడు ఆయన, హిరణ్యకశిపుణ్ణి చీల్చినవాడివి ఇప్పుడేమైంది అన్న ధోరణిలో. అప్పుడు తుమ్మెదల దండు వచ్చి సైన్యాన్ని తరిమిందని కథగా చెప్తారు. కథ సంగతి ఎలా ఉన్నా, తిడితే దేవుడు లేచి వస్తాడని మన ఉత్తరాంధ్ర జనం నమ్మారు, ఆ నమ్మకాన్ని చూడు నువ్వు. కాసుల పురుషోత్తమ కవి కూడా అంతే, శ్రీకాకుళం ఆంధ్ర విష్ణువుని (మన శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఉన్నది) శతకం పొడుగునా దెప్పుతూనే పొగిడాడు. ఇవన్నీ భక్తులు కట్టిన పద్యాలు, నాస్తికులు రాసినవి కావు.

మా బరంపురం సంగతి నీకు కొంత తెలుసు. రెండేళ్ళకోసారి బుధి ఠాకురాణి జాతర. మా నేతపని వాళ్ళ వీధిలో ఆవిడ అమ్మవారు తర్వాత, ముందు ఆడపిల్ల. మా నేతవాళ్ళ కులపెద్ద దేశిబెహరా ఇంటి కూతురు. గుళ్ళోంచి పుట్టింటికొస్తుంది, వచ్చినన్నాళ్ళూ ఆడవాళ్ళు నెత్తిన ఘటాలు ఎత్తుకుని రాత్రిళ్ళు వీధివీధీ తిరుగుతారు, వేషాలు కడతారు, మొక్కులు తీర్చుకుంటారు, ఆఖరున ఆవిణ్ణి గుడికి సాగనంపుతారు. ఆ సాగనంపే రాత్రి మా నాయనమ్మ ఏమనేదో నాకింకా చెవుల్లో ఉంది, "రెండేళ్ళ దాకా మళ్ళీ మా మొగం సూడవు గదే, మగ్గాలు మూలబడ్డాయి, పుట్టింటోళ్ళు తిన్నారో నేదో ఒక్కసారైనా అడిగినావేటే" అని ఏడుస్తూ పసుపునీళ్ళు పోసేది. పక్కన ఎవరూ ఆవిణ్ణి తప్పు పట్టలేదు, అందరూ తలో మాటా అనేవాళ్ళు. ఇంటికొచ్చిన ఆడపిల్లతో ఎవరైనా సమాసాలు కట్టి మాట్లాడతారా?

ఆ రాత్రి విన్నదాన్నే నేను కుర్రతనంలో కవితగా రాశాను. పట్టుచీర నేసినవాడి ఇంట్లో ఆడవాళ్ళకి నూలుచీరే అని, ఠాకురాణి మాత్రం ప్రతిసారీ కొత్త పట్టు కట్టుకుని వెళ్తుందని. అప్పట్లో మాకు ఇక్కడ ఒడిశాలో తెలుగు పత్రికలేమున్నాయి, బెజవాడకో మద్రాసుకో పోస్ట్‌లో పంపుకోవాలి, తిరుగు స్టాంపులు అంటించి. ముందు ఒక అభ్యుదయ పత్రికకి పంపాను. ఎడిటర్ గారు తిప్పి పంపుతూ రాశారు, కార్మికుడి ఆవేదన బాగుంది గానీ ఈ కాలంలో అమ్మవారు ఎందుకు, ఆ చోట మిల్లు యజమానిని పెట్టు వేసుకుంటాం అని. మాది చేమగ్గం, మాకు మిల్లు యజమాని ఎక్కడి నుంచి వస్తాడు? అదే కవిత ఒక భక్తి పత్రికకి పంపాను. వాళ్ళేమో అమ్మవారి మీద ఇలాంటి మాటలు మా పాఠకులు సహించరు, చివర్లో శరణాగతి పెట్టండి అన్నారు, పైగా మీ భాషలో ఒడియా వాసన కొడుతోంది అని కూడా. ఒకళ్ళు దేవతని తీసెయ్యమన్నారు, ఇంకొకళ్ళు కోపాన్ని తీసెయ్యమన్నారు. రెండిట్లో ఏది తీసినా మా నాయనమ్మ ఉండదు అందులో. నేను ఏదీ తీయలేదు. అది చాలా ఏళ్ళు అచ్చు కాలేదు, ఆ ఇద్దరి మీదా నాకు ఇప్పటికీ కోపమే.

నీ నాలుగు లైన్లు చూడగానే ఆ రెండో ఎడిటర్ గుర్తొచ్చాడు. ఆయన అడక్కుండానే నువ్వు శరణాగతి పెట్టేశావు.

ఈ రోజుల్లో ఇంకా ఘోరంగా ఉంది. పండగ వస్తే చాలు, తెల్లారేసరికి ఫోన్ నిండా దేవుడి బొమ్మ కింద నాలుగు విశేషణాలు, దాన్ని కవిత అంటారు, వందమంది దండం బొమ్మలు పెడతారు. అటువైపు దేవుడు రాయి, గుడి వ్యాపారం అని రాసేవాళ్ళు, వాళ్ళకీ చప్పట్లే. ఇద్దరూ తమకి ఏమీ కాని వస్తువు మీద రాస్తున్నారు, ఇద్దరిలో ఎవడికీ రాత్రి నిద్ర పట్టకుండా చేసిన దేవుడు లేడు.

నిజంగా అడగాల్సింది ఉన్నవాడు ఎలా అడుగుతాడో జాషువా గారిని చూడు. ఆయన పుట్టింది వినుకొండలో, క్రైస్తవ కుటుంబంలో. 1941లో ఆయన గబ్బిలం కావ్యం వచ్చింది. అందులో గుడిలోకి రానివ్వని మనిషి ఒక గబ్బిలంతో కాశీలో శివుడికి కబురు పంపుతాడు. నువ్వు గుళ్ళో వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని టైం చూసి నా సంగతి చెప్పు అంటాడు. శివుడు లేడు అనలేదు. మధ్యలో ఉన్నవాళ్ళని దాటుకుని శివుడి చెవి వెతుక్కున్నాడు. తర్వాత అదే చేత్తో క్రీస్తు చరిత్ర రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఏ మతం వాడు ఏ దేవుణ్ణి అడగాలి అని నువ్వు కవితలతో పాటు అడిగావే, దానికి ఇంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

ఒడియాలో జగన్నాథుడి మీద సాలబేగ కట్టిన పాటలు నీకు వచ్చే ఉంటాయి, స్కూల్లోనే పాడించి ఉంటారు. పదిహేడో శతాబ్దం మనిషి, తండ్రి ముస్లిం, పూరీ గుళ్ళోకి రానివ్వరు, రథం మీద చూడ్డమే దిక్కు. బృందావనం నుంచి వస్తూ దారిలో జబ్బుపడి, నేనొచ్చేదాకా ఆగు అని జగన్నాథుణ్ణి అడిగాడట, రథం కదల్లేదట. ఇవాళ్టికీ పూరీ రథవీధి బొడొదాండొలో ఆయన సమాధి దగ్గర రథం ఆగుతుంది. ఆగు అన్నాడు చూడు, అది వేడుకోలే, కానీ అందులో ఎంత చనువుందో చూడు.

ఇంకొకటి, భాష. పైన మీ అమ్మ మాట్లాడిన తెలుగు, నువ్వు మాట్లాడిన తెలుగు మన రాయగడ, గుణుపురం వాళ్ళ తెలుగు, మధ్యలో ఒడియా మాట పడినా బాధ లేదు. కిందకొచ్చేసరికి గ్రాంథికం. క్షమాపణ దగ్గరికి రాగానే నీకు నీ భాష చాల్లేదా? మీకు కాస్త దూరంలో పర్లాకిమిడిలోనే కదా గిడుగు రామమూర్తి గారు పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్తూ, సవరల భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాసి, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఊళ్ళన్నీ తిరిగి పండితులతో పోట్లాడింది. ఆ నేల మీద పుట్టి నువ్వు "క్షమింపుము" అని రాస్తే నాకు మనసొప్పదు. నిజంగా క్షమాపణ అడగాలనిపిస్తే మీ అమ్మ మాటల్లో అడుగు. అలా అడిగి చూడు, ఆ మాటలు నోట్లోంచి రావు, ఎందుకంటే అక్కడ నీ తప్పు ఏమీ లేదు.

పూర్తిగా నమ్మకం లేనివాడు ఇలాంటివి రాయొచ్చా అని కూడా అడిగావు. చీర గురించి నిలదీసినప్పుడు నీకు ఎదురుగా ఎవరో ఉన్నారనే అనిపించింది కదా. రాసేటప్పటికి ఆ మాత్రం చాలు, ఆ తర్వాత గుడికి వెళ్తావో మానేస్తావో నీ ఇష్టం. పుస్తకం వెయ్యాలన్నావు, దాని గురించి తర్వాత మాట్లాడదాం.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. చివరి నాలుగు లైన్లు కొట్టెయ్. చీర ఏ రంగో రాయలేదు, రాయి. ఎంత పెట్టి కొంది, డబ్బు ఎక్కడిది, అప్పు చేసిందా, చెల్లి మందులకని దాచిందాంట్లో మిగిలిందా, అడిగి తెలుసుకో. గుళ్ళో చీర ఇస్తున్నప్పుడు మీ అమ్మ పెదవులు కదిలాయని రాశావు, ఏమందో రాయలేదు. అడుగు ఆవిణ్ణి. చెప్పకపోతే వదిలెయ్, కల్పించకు. చెప్తే మాత్రం ఒక్క అక్షరం సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు పెట్టి, అది ఎంత కటువుగా ఉన్నా సరే, నాకు మళ్ళీ పంపు. ఈసారి పోస్ట్‌లోనే పంపు, కాస్త పెద్ద అక్షరాలతో.