ఈ-యాంటిజెన్ నెగెటివ్ వచ్చినా ఏఎల్‌టీ ఎందుకు పెరుగుతోంది?

మీ నాన్నగారికి హెపటైటిస్ బి ఈ-యాంటిజెన్ (వైరస్ వృద్ధి చెందేటప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్) నెగెటివ్ వచ్చినా ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఎందుకు పెరుగుతూ తగ్గుతూ ఉంది, జీనోటైపు (వైరస్ జన్యు రకం) పరీక్ష చేయించాలా అని అడిగారు. దీనికి ప్రీకోర్ మ్యుటేషన్ (వైరస్ జన్యువులో వచ్చే ఒక మార్పు) కారణమై ఉండే అవకాశం ఎక్కువ. వైరస్ జన్యువులో 1896వ స్థానంలో 'జీ' అనే జన్యు అక్షరం బదులు 'ఏ' చేరితే ఈ-యాంటిజెన్ తయారీ ఆగిపోతుంది గానీ వైరస్ వృద్ధి ఆగదు. మన దేశంలో విస్తృతంగా కనిపించే డి జీనోటైపులో ఈ మార్పు తరచుగా వస్తుంది. కాబట్టి ఆ నెగెటివ్‌ను చూసి వైరస్ అణగిపోయిందని భావించవద్దు.

1. హెపటైటిస్ బి వైరస్ (హెచ్‌బీవీ) డీఎన్‌ఏ పరిమాణం తెలిపే పీసీఆర్ పరీక్ష చేయించండి. చాలామంది పొరపడేది ఇక్కడే: ఒక్కసారి తక్కువ వచ్చిందని వదిలేస్తారు. ఈ రకంలో వైరస్ పరిమాణం, ఏఎల్‌టీ రెండూ కొంతకాలం తగ్గి మళ్లీ పెరుగుతాయి గనుక, మొదటి ఏడాది మూడు నెలలకోసారి రెండింటినీ ఒకే రోజు తీసిన రక్తంలో చూడాలి. డీఎన్‌ఏ మిల్లీలీటరుకు 2,000 అంతర్జాతీయ యూనిట్లు దాటి, ఏఎల్‌టీ కూడా ఎక్కువగా ఉంటే చికిత్స గురించి కాలేయ నిపుణుడిని వెంటనే అడగండి.

2. ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించండి. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడడం) ఉన్నట్లయితే డీఎన్‌ఏ కొద్దిగా కనిపించినా మందు అవసరమవుతుంది.

3. గతంలో లామివుడిన్ అనే హెపటైటిస్ బి మందు వాడి ఉంటే తప్పక చెప్పండి. దానికి లొంగని మ్యుటేషన్లు ఉన్నవారిలో ఎంటెకవిర్ అనే మందు ప్రభావం తగ్గుతుంది, టెనోఫోవిర్ అనే మందు పనిచేస్తుంది.

మీరడిగిన జీనోటైపు పరీక్ష ఇంటర్‌ఫెరాన్ (ఇంజెక్షన్‌గా ఇచ్చే మందు) ఆలోచనలో ఉంటేనే ఉపయోగం. మాత్రల ఎంపికకు అది అక్కర్లేదు. ఆ డబ్బును డీఎన్‌ఏ పరీక్షకు దాచడమే మంచిదని నా అభిప్రాయం.

మందు మొదలయ్యాక డాక్టరు చెప్పకుండా ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే వైరస్ విజృంభించి కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు.