కారుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్: ఈసీఈ అమ్మాయికి ఇందులో దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. డ్రైవర్లు నోటితో చెబితే పనిచేసే వాయిస్ సిస్టమ్‌ల రంగంలోకి వెళ్తానంటోంది. బంధువులేమో హైదరాబాద్ పంపి ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లనివ్వండి. ఈసీఈ వాళ్లకు ఇది పరాయి రంగమేమీ కాదు. అయితే మాటను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలావరకు రెడీమేడ్‌గా దొరుకుతోంది. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నది దానికి నేర్పడమే అసలు కష్టం. అమ్మాయి పట్టుకోవాల్సింది ఆ పనిని.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర డ్రైవర్ "దగ్గర్లో పెట్రోల్ బంకు..." అంటుండగా ఆటో అడ్డం వచ్చిందనుకోండి. ఆయన మాట ఆపి బ్రేక్ తొక్కుతాడు. నాసిరకం సిస్టమ్ రెండు క్షణాలు చూసి "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని బీప్ కొడుతుంది. ఉన్న టెన్షన్‌కు అదొకటి! పక్క సీట్లో మనిషైతే రోడ్డు చూసి తనే ఊరుకుంటాడు. మంచి సిస్టమ్ కూడా బ్రేక్, స్టీరింగ్ సిగ్నళ్లు చూసి ఆగాలి. రోడ్డు సర్దుకున్నాక "పెట్రోల్ బంకు వెతకమంటారా?" అని ఒక్క ముక్కలో అందుకోవాలి, మళ్లీ మొదటికి రాకూడదు.

సిస్టమ్ చెబుతుండగా డ్రైవరే అడ్డుతగలడం ఇంకో సంగతి. దీన్ని బార్జ్-ఇన్ అంటారు. స్పీకర్‌లో వచ్చే తన గొంతునే డ్రైవర్ మాట అని పొరబడకుండా ఎకో క్యాన్సిలేషన్ చేయాలి. దీనికి పునాది అమ్మాయి చదివే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగే. పైగా మనం వింటూ "ఆఁ", "ఊఁ" అంటూనే ఉంటాం. ప్రతి "ఊఁ"కీ ఆగిపోతే దారి చెప్పడం ఎప్పటికీ పూర్తికాదు, "ఆగు" అన్నా ఆగకపోతే డ్రైవర్‌కు చిర్రెత్తుతుంది. ఈ తేడా పట్టే చిన్న తెలుగు ప్రాజెక్టు చేస్తే, నా లెక్కలో పది సర్టిఫికెట్లకన్నా అదే మేలు.

చేతులు స్టీరింగ్ మీదుంటే చాలు, ప్రమాదం లేదనుకోకూడదు. అమెరికాలో యూటా యూనివర్సిటీ పరిశోధకులు 2015లో తేల్చిందేమిటంటే, కొన్ని కార్లలో వాయిస్ కమాండ్ ముగిశాక కూడా 27 సెకన్ల వరకు డ్రైవర్ ధ్యాస పూర్తిగా కుదుటపడలేదు. దీన్ని కొలిచే ఐఎస్ఓ 17488 అనే ప్రమాణం ఉంది. వేలికి బటన్ కట్టి, 3 నుంచి 5 సెకన్లకోసారి లైటో వైబ్రేషనో ఇస్తారు. ఎంత ఆలస్యంగా నొక్కితే బుర్ర మీద అంత భారం ఉన్నట్టు. ఇలాంటిది ఆర్డ్యునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. పరీక్ష మాత్రం కంప్యూటర్‌లో డ్రైవింగ్ గేమ్ ఆడేవాళ్ల మీదే. దీనికోసం అడిగితే కారు తాళాలు ఇవ్వకండి.

బీటెక్ తర్వాత స్పీచ్ వైపు వెళ్లాలంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఎంఎస్ బై రీసెర్చ్ మంచి దారి, దానికి పీజీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. సంభాషణ రూపకల్పన మీద మనసుంటే సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్ చేయొచ్చు. రెండూ కోచింగ్‌తో మాత్రమే గట్టెక్కే చదువులు కావు, ప్రాజెక్టు పని బలంగా ఉండాలి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. ఫ్రెషర్లకు నేరుగా ఇదే పని దొరకడం అరుదు. కార్ల విడిభాగాల కంపెనీల్లో మొదట టెస్టింగ్‌లో వేయొచ్చు, బెంగళూరో పుణెయో వెళ్లాల్సి రావచ్చు. ఒకవేళ కార్ల వైపు కుదరకపోయినా కాల్ సెంటర్ వాయిస్ బాట్‌లకు ఇదే నైపుణ్యం కావాలి కాబట్టి చదువు వృథా కాదు.

బంధువులు చెప్పిన కోర్సూ చేయించవచ్చు, కాకపోతే పైథాన్‌తో ఆపకుండా సీ ప్లస్ ప్లస్ కూడా ఉండేలా చూడండి. కారులో నడిచే సాఫ్ట్‌వేర్‌కు అది తరచూ కావాలి. ఫైనలియర్ ప్రాజెక్టు గురించి మాత్రం గైడ్‌తో ఈ సెమిస్టర్‌లోనే మాట్లాడమనండి. గొంతులు రికార్డు చేయడానికే చాలా టైమ్ పడుతుంది.