వేసవి శిబిరం పెడుతున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మే నెలలో మన ఊరి హైస్కూల్లో 40 మంది పిల్లలకు 15 రోజుల శిబిరం పెడుతున్నావని రాశావు. కబడ్డీ ఎవరు, డ్రాయింగ్ ఎవరు, డాన్స్ ఎవరు అని పట్టీ కూడా పంపావు. సాయంత్రం ఏ పిల్ల ఎవరి వెంట ఇల్లు చేరుతుందో మాత్రం అందులో లేదు. ముందు అది తేల్చుకో.

చేర్చుకునే రోజే, పిల్లని తీసుకెళ్ళడానికి రాగల ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు తల్లిదండ్రుల చేత రాయించు. "నేను వాళ్ళ మావయ్యని, కావాలంటే ఈ నంబరుకు చేసి అడగండి" అని ఎవరైనా వస్తే, అతనిచ్చిన నంబరుకు కాదు, నీ రిజిస్టర్లో ఉన్న నంబరుకు చెయ్యి. ఆటో అయితే చివర దిగే పిల్ల సంగతి చూడు. అందరూ దిగిపోయాక డ్రైవరూ ఆ ఒక్క పిల్లే మిగులుతారు. ఆ పిల్ల ఇంట్లోకి వెళ్ళేదాకా ఆయా బండిలో ఉండాలి. ఎవరి అమ్మానాన్నలైనా ఆలస్యమైతే ఇద్దరు పెద్దవాళ్ళు వరండాలో, నలుగురికీ కనబడేచోట, పిల్లతో కూర్చోవాలి.

ఆ ఇద్దరి లెక్క శిబిరమంతా ఉండాలి. తలుపేసిన గదిలో ఒక్క పెద్ద, ఒక్క పిల్ల ఎప్పుడూ వద్దు. మమ్మల్ని అనుమానిస్తున్నారా అని కొందరు నొచ్చుకుంటారు. రేపు ఎవరైనా లేనిపోని మాట అంటే, పక్కన మరో మనిషి ఉండటమే వాళ్ళకు రక్ష అని నెమ్మదిగా చెప్పు. "మనవాడే కదా" అని మాత్రం ఎవరికీ మినహాయింపు ఇవ్వకు. పిల్లల జోలికి పోయేవాళ్ళు ఎక్కువగా ఆ ఇంటికి తెలిసినవాళ్ళే.

40 మంది పిల్లలకు ఐదుగురు పెద్దవాళ్ళు, ఏ పనీ అప్పజెప్పకుండా ఇంకొకరు కావాలి. ఒక పిల్లాడికి జ్వరమొస్తే మిగతావాళ్ళని వదలకుండా చూసేది ఆ ఆరో మనిషే. వాళ్ళందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించు, కానీ దాంతో నిశ్చింత పడకు. కేసు నమోదైతేనే అందులో తేలుతుంది. అంతకుముందు పనిచేసిన రెండు చోట్లకు నువ్వే ఫోన్ చేసి, "మీ పిల్లల్ని మళ్ళీ ఇతని దగ్గరికి పంపుతారా?" అని అడుగు. తటపటాయిస్తే ఇంకొకరిని చూసుకో. డాన్స్‌లో భుజం సరిచేయాలంటే ముందు చెప్పి, పిల్ల సరేనన్నాక, అందరి ముందే. టీచర్లు పిల్లలకు విడిగా వాట్సాప్ పెట్టకూడదు. ఏ కబురైనా తల్లిదండ్రుల గ్రూపులోనే.

తనతో ఎవరో తప్పుగా ప్రవర్తించారని ఒక పిల్ల నీ దగ్గరికొచ్చి చెబితే, అక్కడే చాలామంది తప్పు చేస్తారు. "నిజమేనా?", "ముందే ఎందుకు చెప్పలేదు?" అనకు. ఎవరికీ చెప్పనని మాటివ్వకు, ఎందుకంటే చెప్పక తప్పదు. "చెప్పి మంచి పని చేశావు" అను. పిల్ల ఏ మాటల్లో చెప్పిందో ఆ మాటల్లోనే, తేదీ, టైముతో రాసిపెట్టు. పదిమంది పదిసార్లు అడిగితే పిల్ల బెదిరిపోతుంది, చెప్పే మాట కూడా మారిపోతుంది. పిల్ల ఎవరి పేరు చెప్పిందో ఆ మనిషిని పిలిచి ఎదురుబొదురు కూర్చోబెట్టకు. అప్పుడే జరిగిందైతే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా ఆస్పత్రికి పంపాలి.

ఊళ్ళో పెద్దలు పరువంటారు, రాజీ అంటారు. పిల్లల మీద లైంగిక నేరాలకు 2012లో తెచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, జరిమానా పడొచ్చు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద చెప్పకపోతే ఏడాది దాకా. మగపిల్లలకూ ఇదే చట్టం. సదుద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. పిల్ల పేరు బయటికి పొక్కనివ్వకు. ఆరోపణ వచ్చిన మనిషిని పోలీసులు తేల్చేదాకా పిల్లలకు దూరంగా ఉంచు, కానీ ఊరంతా చాటించకు. తీర్పు చెప్పడం నీ పని కాదు.

ఎండల సంగతి నీకు తెలిసిందే. 11 దాటితే బయట ఆటలు ఆపెయ్. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కాదు. చెరువుకి, కాలువకి ఎవర్నీ తీసుకెళ్ళొద్దు.

పట్టీ మళ్ళీ రాసి పంపు. ఈసారి ఆటో డ్రైవర్ల పేర్లు, ఏ బండిలో ఏ ఆయా ఉంటుందో కూడా ఉండాలి.

ఇట్లు,
మీ అక్క