గాడ్జిల్లా బొమ్మలు సరే, ముందు ఆ రిబో సంగతి చూడండి

ప్రశ్న: టోక్యోలో నిషి-కసాయ్‌లో ఉంటాం, ఐటీ జాబ్. నాకు గాడ్జిల్లా, గమెరా, కింగ్ గిడోరా వినైల్ బొమ్మల పిచ్చి. కార్డు మీద రిబో (మొత్తం ఒకేసారి కాకుండా నెలనెలా కొంత కట్టే రివాల్వింగ్ అప్పు) బ్యాలెన్స్ 4,80,000 యెన్‌లు ఉంది, వడ్డీ 15 శాతం, నెలకి వడ్డీతో కలిపి 15,000 కడుతున్నా. బ్యాంకులో 9 లక్షల యెన్‌లు ఉన్నాయి గానీ ఎమర్జెన్సీకని ముట్టుకోలేదు. మూడేళ్లలో హైదరాబాద్ వచ్చేస్తాం. పాత బొమ్మలకి బోలెడు రేటు పలుకుతోంది కాబట్టి ఇది ఇన్వెస్ట్‌మెంటే అంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

జవాబు: నేనూ మీ ఆవిడ వైపేనండి, కాకపోతే ఆవిడ అల్మారా చూసి అంటున్నారు, నేను కార్డు స్టేట్‌మెంట్ చూసి అంటున్నా.

మీరు కట్టే 15,000లో ఈ నెల 6,000 వడ్డీకే పోతోంది, అసలు తగ్గేది 9,000. ఇవాళ్టి నుంచి ఒక్క బొమ్మ కూడా కొనకపోయినా ఇది తీరడానికి 41 నెలలు దాటుతుంది, వడ్డీయే లక్షా ముప్పై ఆరు వేల యెన్‌లు దాటుతుంది. మీరు వెళ్లేది 36 నెలల్లో, అంటే సామాన్లు సర్దుకుని ఫ్లైట్ ఎక్కే రోజుకి కూడా అప్పు ఇంకా అక్కడే ఉంటుంది.

బ్యాంకులో డబ్బు పెట్టుకుని దానికి వచ్చేదీ లేనిదీ తెలియని వడ్డీ తీసుకుంటూ ఇటు 15 శాతం కట్టడం ఎందుకు? 9 లక్షల్లోంచి తీసి మొత్తం ఒకేసారి కట్టేయండి. మిగిలిన 4,20,000 ఎమర్జెన్సీకి ఉంటుంది, ఇన్నాళ్లూ రిబోకి కట్టిన ఆ 15,000 ఇక ప్రతి నెలా అందులోనే వేసుకుంటూ పోండి. ఇంకోటి, కార్డు యాప్‌లో ఆటో రిబో ఆన్‌లో ఉందేమో చూడండి, పాయింట్లు ఇస్తామని కార్డు తీసుకునేటప్పుడే కొన్ని కంపెనీలు అది అంటగట్టేస్తాయి, షాపులో ఇక్కాట్సు, అంటే ఒకేసారి కట్టేస్తా అని చెప్పి కొన్నా సరే అదీ రిబోలోకే వెళ్లిపోతుంది. అది ఆపకుండా బ్యాలెన్స్ కట్టి లాభం లేదు.

ఇక ఇన్వెస్ట్‌మెంట్ మాట. 1966లో మారుసాన్ కంపెనీ తెచ్చిన గాడ్జిల్లా, ఆ తర్వాత 70ల్లో బుల్‌మార్క్ వాళ్ల బొమ్మలు ఇప్పుడు ఖరీదు ఎందుకంటే అప్పట్లో అవి పిల్లలు ఆడుకునే బొమ్మలు, మట్టిలో పొర్లించి తోకలు ఊడగొట్టి పారేశారు, కవరూ పైన అట్ట ముక్కతో సహా మిగిలినవి చాలా తక్కువ. మీరు కొనే ఇప్పటి బందాయ్ బొమ్మల్ని మీలాంటి వాళ్లంతా ట్యాగ్ కూడా తీయకుండా దాస్తున్నారు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా బోలెడు ఉంటాయి, మరి రేటు ఎక్కడ్నించి వస్తుంది? లిమిటెడ్ ఎడిషన్లు కొన్ని పెరుగుతాయి, కాదనను, కానీ ఏవి పెరుగుతాయో ముందే చెప్పగలిగిన వాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నమ్మకపోతే ఒక పని చేయండి. మీ దగ్గర బెస్ట్ అనుకున్న మూడు బొమ్మలు తీసుకుని టోక్యోలోనే నకానో బ్రాడ్‌వే షాపింగ్ సెంటర్‌లో మందరాకే అనే సెకండ్ హ్యాండ్ షాపు వాళ్లు పాతవి కొనే కౌంటర్‌కి వెళ్లండి, అమ్మక్కర్లేదు, రేటు అడగండి చాలు. అద్దాల్లో పెట్టిన రేటూ మీ చేతికి ఇస్తామనే రేటూ పక్కపక్కన రాసుకొచ్చి ఇంట్లో చూపించండి, ఆ తేడాయే మీ అసలు లెక్క.

కొని అమ్మి సంపాదిద్దాం అనుకుంటే అది వేరే కథ. సొంతానికి వాడుకున్న వస్తువు అమ్మితే మామూలుగా జపాన్‌లో ఇన్‌కం ట్యాక్స్ రాదు, అదే లాభానికి పాత బొమ్మలు కొని అమ్మడం వ్యాపారమైతే పోలీస్ స్టేషన్ ద్వారా కొబుత్సుషో (పాత వస్తువుల వ్యాపారి) పర్మిట్ కావాలి, ట్యాక్స్ ఉంటుంది, మీ వర్క్ వీసా మీద సైడ్ బిజినెస్ అంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లనీ అడగాలి.

సరదాగా కొనడం ఆపమని మాత్రం అనను. అక్కడి ఇళ్లల్లో మొగుడికి నెలకింత అని చేతికిచ్చే ఒకోజుకాయ్ (చేతి ఖర్చు డబ్బు) ఉంది కదా, అలాగే నెలకి 8,000 అని పెట్టుకుని క్యాష్‌తోనే కొనండి, ఏదైనా పెద్దది కావాలంటే రెండు మూడు నెలలవి కూడబెట్టండి.

వచ్చే ముందు తీసేయాలనుకున్నవి అక్కడే అమ్మేయండి, కొనేవాళ్లు ఎక్కువమంది ఉన్నది అక్కడే. తెచ్చుకునేవి మాత్రం ఒకదానికొకటి తగలకుండా ఒక్కోటీ విడిగా చుట్టండి, మెత్తటి వినైల్ బొమ్మలు వేడికి అతుక్కుని ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది, కాళ్లు వంగి నిలబడవు కూడా. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో దిగేలా షిప్పింగ్ పెట్టకండి, కస్టమ్స్ బ్యాగేజ్ రూల్స్ కూడా మీరు ఇండియా వచ్చే ఏడాదికి ఎలా ఉన్నాయో ఆ ఏడాదే చూసుకోండి.